‘కండ్లు’ అని చదివితే తప్పెట్లయితది?

పాఠంలో ‘కళ్లు’ అని ఉంది. మూడో తరగతి పిల్ల ‘కండ్లు’ అని చదివింది. చదువును కొలిచే యాప్ దానికి ఎర్రగీత పెట్టింది. వరంగల్ ఇండ్లల్లో కండ్లు, పండ్లు, ఇండ్లు అనే అంటారు. ఆ పిల్ల అక్షరాలు కూడబలుక్కుంది, అర్థం పట్టుకుంది, ఆ అర్థాన్ని తన నోటి మాటలో పలికింది. చదవడం రానివాళ్లకు ఇది చేతనయ్యే పని కాదు.

ఈ యాప్‌లు చాలావరకు చేసేది ఒకటే. గొంతును అక్షరాల్లోకి మార్చి, పాఠంతో పక్కపక్కన పెట్టి, మారిన మాటలు, వదిలేసిన మాటలు, అదనంగా కలిపిన మాటలు లెక్కేస్తాయి. మాట ఎందుకు మారిందో వాటికి పట్టదు. తీర్పు చెప్పాల్సింది టీచరే.

‘వచ్చాడు’ను ‘అచ్చిండు’ అన్నా, ‘భూమి’ని ‘బూమి’ అన్నా అది యాస, ఉచ్చారణ. ‘పలక’ను ‘పలుక’ అన్నా, ‘పాలు’ను ‘పలు’ అన్నా గుణింతం రాలేదని అర్థం. ‘గొడుగు’ను ‘గొడ్డలి’ అంటే మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించినట్టు. రిజిస్టర్‌లో మొదటి రకానికి వేరే గడి పెట్టండి, మార్కు తీయొద్దు. రాతభాష నేర్పాల్సిందే, కానీ అది వేరే పాఠం. ములుగులో కోయ, ఉట్నూరులో గోండి, మహబూబాబాద్ తండాల్లో లంబాడీ మాట్లాడే పిల్లలకు ఈ గడి మరీ అవసరం. తెలుగే వాళ్లకు బడిలో ఎదురైన రెండో భాష.

యాప్‌ను నమ్మే ముందు ఒక పరీక్ష పెట్టండి. ఇంటి భాషను బట్టి ఒక్కో గుంపు నుంచి కనీసం 20 మంది చేత 60 మాటల పేరా చదివించి రికార్డు చేయండి. ఇద్దరు టీచర్లు ఒకరి మార్కులు ఒకరు చూడకుండా విని దిద్దాలి. ఇద్దరికీ పొసగని మాటలను కలిసి మళ్లీ వినాలి. ఆ తర్వాతే యాప్ లెక్క తెరవాలి. ఒక పిల్లవాడు 56 మాటలు సరిగ్గా చదివాడని టీచర్లు తేల్చారనుకుందాం. వాటిలో 7 మాటలను యాప్ తప్పంటే, అది 12.5 శాతం అన్యాయపు తప్పు. గుంపు మొత్తానికి ఇదే లెక్క కట్టండి. ఒక గుంపులో 4 శాతం, ఇంకో గుంపులో 13 శాతం వస్తే ఆ యాప్ మార్కులతో ఆ రెండు గుంపులను పోల్చకూడదు. తిరకాసు ఇంకొకటి కూడా ఉంది. ఎక్కువగా వాడే మాటలవైపు మొగ్గే యాప్, పిల్ల ‘పలుక’ అన్నా ‘పలక’ అనే రాసుకుంటుంది. సాయం కావాల్సిన పిల్ల అక్కడ కనబడకుండా పోతుంది. అందుకే టీచర్లు తప్పన్న మాటల్లో యాప్ ఒప్పన్నవి ఎన్నో కూడా రాయండి.

నిమిషానికి ఎన్ని మాటలు అనే కొలత తెలుగుకు సరిగా అతకదు. ‘ఆవు’ ఒక మాట, ‘వచ్చినప్పటినుంచి’ కూడా ఒక మాటే. మొదటిదానికి రెండు అక్షరాలు, రెండోదానికి ఏడు. రెండు పేరాలను పోల్చాలంటే అక్షరాలు లెక్కపెట్టండి, వత్తులెన్ని ఉన్నాయో చూడండి. పేరాలో ‘పుంటికూర’ బదులు ‘గోంగూర’, ‘అంగి’ బదులు ‘చొక్కా’ ఉంటే ఇక్కడి పిల్లలు ఎక్కడ ఆగుతారో చూడండి. మాట కొత్తదైతే ఆగుతారు, దాన్ని చదవడం రాకపోవడం అనలేం.

రికార్డింగే చాలాచోట్ల చెడుతుంది. ఒకే గదిలో రెండు తరగతులుంటే పక్క తరగతి గొంతులు కలిసిపోతాయి, యాప్ వాటిని ‘అదనపు మాటలు’గా లెక్కేస్తుంది. వరండా చివర కూర్చోబెట్టండి. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి, ఫ్యాన్ కింద వద్దు. రికార్డింగ్ సెట్టింగుల్లో 16 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో (ఒకే చానెల్) అని పెడితే కుదించని ఫైలు నిమిషానికి 1.92 ఎంబీ అవుతుంది, ఒక్కొక్కరు నిమిషం చదివితే 20 మందికి 40 ఎంబీ లోపే. నెట్ లేకున్నా దాచుకొని సాయంత్రం పంపొచ్చు. తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోండి, ఫైలుకు పేరు బదులు నంబరు పెట్టండి.

పేరాను మాత్రం ఫోన్‌లో చూపించొద్దు. చిన్న తెరమీద వరుసలు దగ్గరైతే ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటల వత్తులు కింది వరుసకు తగులుతాయి, కొన్ని ఫాంట్లలో కోసుకుపోతాయి కూడా. పెద్ద అక్షరాలతో కాగితం మీద అచ్చువేసి చేతికివ్వండి. యాప్ తక్కువ మార్కు వేసిన ప్రతి పిల్ల రికార్డింగ్‌నూ టీచర్ ఒకసారి విన్న తర్వాతే ఆ పిల్లను చదవడంలో వెనకబడినవాళ్ల గుంపులోకి మార్చండి.