చదివింది గుర్తుండటం లేదని గంటలు పెంచుకుంటున్నవాళ్లకి: 71 మార్కుల నా టెట్ అనుభవం

టీచర్ల నియామకాల మెగా డీఎస్సీ ఫైనల్ లిస్టులో, గుంటూరు జిల్లా ఎస్‌జీటీల్లో (ప్రైమరీ టీచర్లలో) నా పేరు చూసుకుని నాలుగు రోజులైంది. ఫోన్ చేసినవాళ్లంతా అడిగేది ఒకటే: ఏ మెటీరియల్ చదివావు, కోచింగ్ ఎక్కడ? అవి చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను. అంతకన్నా ముందు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది: డిప్రెషన్ నా చదువుని ఏం చేసిందో.

2024 ఫిబ్రవరి-మార్చిలో టీచర్ల అర్హత పరీక్ష టెట్‌లో నాకు వచ్చింది నూట యాభైకి 71. బీసీలకి పాస్ మార్కే 75. 2018లో ఇదే టెట్‌లో నాకు 104 వచ్చాయి. అప్పుడు సగం ప్రిపరేషన్‌తో రాశాను. ఈసారి రోజుకి పన్నెండు గంటలు కూర్చున్నాను. అయినా 33 మార్కులు తగ్గాయి.

ఆ పన్నెండు గంటలు ఎలా గడిచేవో చెప్తాను. గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్, రెండు లైన్ల అవతల స్టడీ హాల్. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది, మళ్లీ నిద్ర పట్టేది కాదు. పోనీలే, చదువుకోవచ్చు అనుకునేదాన్ని. ఐదో తరగతి పరిసరాల విజ్ఞానం తెరిస్తే అదే పేజీ మీద ఏడయ్యేది. కళ్లు కింది లైనుకి చేరేసరికి పై లైను ఉండేది కాదు. గీసిన గీత మీదే మళ్లీ గీత. నా నోట్సులో నా రాతే ఎవరిదో అనిపించేది. మెస్‌లో అన్నం కలిపి, రెండు ముద్దలు తిని లేచిపోయేదాన్ని. ఏడుపొస్తే బాగుండేదేమో, అదీ రాలేదు.

‘ఎవరన్నా ఏమన్నా అన్నారా? ఏం కష్టం వచ్చిందే నీకు?’ అని అమ్మ ఫోన్లో అడిగేది. చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. కోచింగ్‌లో ఒక సారు, ఫోన్ పక్కన పెడితే అన్నీ గుర్తుంటాయన్నారు. అప్పటికే నా దగ్గర బటన్ ఫోన్ తప్ప ఇంకోటి లేదు. నేను బద్ధకస్తురాలిని కాదని ఎంతమందికని చెప్పను? ఇప్పటికీ మా చుట్టాల్లో కొందరు ‘ఒక ఏడాది పాడుచేసుకున్నావు’ అంటూనే ఉన్నారు. నేను పాడుచేసుకోలేదు. నాకు జబ్బు చేసింది.

సైకాలజీలో స్మృతి పాఠం మనందరికీ నోటికి వచ్చిందే. అభ్యసనం (నేర్చుకోవడం), ధారణ (నిలుపుకోవడం), పునఃస్మరణ (చూడకుండా గుర్తు తెచ్చుకోవడం), గుర్తింపు (చూసి పోల్చుకోవడం). సైకాలజిస్టు ఎబ్బింగ్‌హాస్, 1885, అర్థం లేని పదాలు, విస్మృతి వక్రరేఖ (ఎంత త్వరగా మర్చిపోతామో చూపే గీత). ఆ పాఠం కనీసం ఇరవైసార్లు చదివి ఉంటాను. పరీక్షలో అదే పాఠంలోంచి బిట్టు వస్తే నాలుగు ఆప్షన్లూ ఒకేలా కనిపించాయి. ముప్ఫై మార్కుల సైకాలజీలో నావి పదకొండు.

నా జబ్బు కనిపెట్టింది నా రూమ్మేట్, అక్కా అని పిలిచేదాన్ని. తనకి బైపోలార్, చాలా ఏళ్లుగా దానికి లిథియం మాత్రలు వాడుతోంది, రక్తంలో అది ఎంత ఉందో అప్పుడప్పుడు పరీక్ష చేయించుకుంటూ ఉంటుంది. ఉత్సాహం హద్దు దాటిన రోజుల్లో రాత్రంతా కూర్చుని మూడు సబ్జెక్టులు లాగించేసేదట, అన్నీ వచ్చేశాయని గట్టి నమ్మకం. వారం తర్వాత చూసుకుంటే ఏమీ మిగిలేది కాదు. మనసు ఒకచోట నిలవకపోతే ఎక్కడానికి చోటెక్కడ? ‘నాది ఎగిరి పోయింది, నీది కుంగి పోతోంది, నడువు’ అని చెయ్యి పట్టుకుని జనరల్ ఆసుపత్రి మానసిక విభాగం ఓపీకి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ ముందు థైరాయిడ్, బీ12 పరీక్షలు రాసింది. అవి తేడా చేసినా మతిమరుపు, నీరసం ఉంటాయట. రెండూ బాగానే ఉన్నాయి. తర్వాత ఒక మాట అడిగింది: ‘నువ్వు సంతోషంగా ఉన్న ఒక్క రోజు చెప్పమ్మా.’ చిన్నప్పుడు బాగుండేదండీ, అన్నాను. ‘చిన్నప్పుడు ఏ రోజు?’ ఎంత వెతుక్కున్నా ఒక్క రోజు దొరకలేదు. నన్ను తిట్టినవాళ్ల మాటలు మాత్రం తేదీలతో సహా గుర్తున్నాయి. డిప్రెషన్ తీరే అంతట. మంచి రోజులన్నీ కలిసిపోయి ముద్దగా మిగులుతాయి, చేదే ముందు గుర్తొస్తుంది. మనసు ఏ స్థితిలో ఉంటే ఆ స్థితికి సరిపడేవే పైకి తేలతాయని సైకాలజిస్టు గార్డన్ బోవర్ 1981లోనే రాశాడు.

డాక్టరమ్మ చెప్పిందాంట్లో నన్ను నిలబెట్టింది ఇది. ‘నువ్వు మర్చిపోవట్లేదమ్మా. అసలు లోపలికే వెళ్లట్లేదు.’ నేను ధారణ పోయిందనుకున్నాను, దెబ్బ తిన్నది దానికి ముందున్న అభ్యసనం. ఒకే ఆలోచన గానుగెద్దులా తిరుగుతుంటే అప్పటికప్పుడు విషయాన్ని పట్టుకునే చోటంతా దానికే సరిపోతుంది. నిద్ర లేకపోతే పగలు చదివింది స్థిరపడదు. ఒత్తిడి నెలల తరబడి ఉంటే కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగి, మెదడులో కొత్త జ్ఞాపకాలకి ఆధారమైన హిప్పోకాంపస్ మీద పడుతుంది. పైగా డిప్రెషన్‌లో గుర్తింపు కంటే పునఃస్మరణే ఎక్కువ దెబ్బ తింటుంది. మనది బిట్ల పరీక్ష, గుర్తింపు పరీక్ష. ఆ మాట వినగానే నాకు కొండంత ధైర్యం వచ్చింది.

ఆవిడ రాసిన మాత్రలు మొదటి రోజునుంచే పనిచేయవు. నాకు మూడో వారంలో నిద్ర కుదిరింది, రెండో నెలలో ఆకలి. చదువు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. మనసు తేలికపడ్డాక కూడా ఏకాగ్రత కొన్నాళ్లు వెనకబడే ఉంటుంది, ఆ టైములో చాలామంది భయపడి మాత్రలు మానేస్తారు. దయచేసి మానకండి, డాక్టరు తగ్గించమన్నప్పుడే తగ్గించండి.

ఆగస్టులో ఒకరోజు ఓపీ బయట బెంచీ మీద కూర్చుని ఉంటే ఉన్నట్టుండి గుర్తొచ్చింది. కోటప్పకొండ తిరునాళ్ల. నాన్న భుజాల మీద నేను, నా చేతిలో నాకంటే పొడుగు చెరుకు గడ, ఎదురుగా లైట్లతో ఊగుతున్న ప్రభ. నాన్న చొక్కా రంగు కూడా కనిపించింది. లోపలికి వెళ్లి మొత్తం చెప్పాను. ఆవిడ చీటీ రాయడం ఆపి విని, ‘ఇంక చదువుకో’ అంది.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. ఎబ్బింగ్‌హాస్ పొదుపు పద్ధతి గుర్తుందా? ఒకసారి నేర్చుకున్నది మర్చిపోయినా, మళ్లీ నేర్చుకోడానికి తక్కువ టైమ్ పడుతుంది. 2018 నాటి పాత నోట్సు తీస్తే నా విషయంలో అదే జరిగింది. ఇరవై ఐదు నిమిషాలు చదవడం, పుస్తకం మూసి కాగితం మీద రాయడం, మర్నాడు, మూడో రోజు, వారానికి మళ్లీ చూడటం. పదిన్నరకి లైటు ఆర్పేయడం. రోజుకి ఆరు గంటలే. పదహారు గంటలు చదివామని గొప్పగా చెప్పుకునేవాళ్ల మాటలు విని నిద్ర చంపుకోకండి. క్రమశిక్షణంటే ముందు పడుకునే టైముకి పడుకోవడం, మాత్ర వేళకి మాత్ర వేసుకోవడం. ఇది నేను గట్టిగానే చెప్తాను, ఎందుకంటే రెండు రకాలుగానూ చేసి చూశాను.

అక్టోబరు టెట్‌లో 127. 104కి, దీనికి డీఎస్సీలో టెట్‌కి ఇచ్చే వెయిటేజీలో మూడు మార్కుల తేడా. ఆ మూడు ఎంతమందిని దాటిస్తాయో మీకు చెప్పక్కర్లేదు. డీఎస్సీకి 3 నుంచి 10వ తరగతి వరకు టెక్స్ట్ బుక్స్, తెలుగు అకాడమీ పుస్తకాలు, ఆదివారం ఒక గ్రాండ్ టెస్ట్. అంతే.

రెండు వారాలు దాటి ఇలాగే ఉంటే ఇంకో కోచింగ్‌లో చేరే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లలేకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. నా మాత్రలు ఇంకా నడుస్తున్నాయి. వచ్చే నెల ఓపీకి వెళ్లినప్పుడు నియామక పత్రం కూడా పట్టుకెళ్లి ఆవిడకి చూపిస్తాను.