30 గ్రాములంటే ఎంత? – నా అనుభవం

నా కంచంలో ఒక పూట అన్నం ఎంత ఉంటుందో నాకు 47 ఏళ్లు వచ్చాక తెలిసింది. అంతకుముందు నాకు వంటింటి కొలతలు తెలియవని కాదు. ఇంట్లో నలుగురికి ఎన్ని గ్లాసుల బియ్యం పోయాలో, పదిమంది చుట్టాలు వస్తే ఎసరు ఎంత పెట్టాలో కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని. మా అమ్మ సోలతో బియ్యం కొలిచి పోసేది. నాలుగు గిద్దలు ఒక సోల అన్న లెక్క నేను బడిలో కంటే ముందు వంటింట్లోనే నేర్చుకున్నాను. అయితే ఆ కొలతంతా ఎసట్లో బియ్యం పోసే వరకే ఉండేది. వండినది కంచాల్లోకి వచ్చేసరికి కొలత మాట ఉండేది కాదు, కొసరి కొసరి వడ్డించడమే ఉండేది.

నిరుడు ఆగస్టులో చేయించుకున్న రక్తపరీక్షలో నా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎంత ఉందో చెప్పే అంకె) 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే మధుమేహానికి ముందు దశ అని డాక్టరుగారు వివరించి, 74 కిలోల బరువులో కనీసం ఐదారు కిలోలు తగ్గమని, మందులు వాడాలా వద్దా అన్నది ఆరు నెలల తర్వాత చూద్దామని చెప్పారు. అదే ఆసుపత్రిలో ఆహార నిపుణురాలు నాకు రోజుకు 1,500 కేలరీల పట్టిక ఇచ్చారు. అందులో ఉదయం ధాన్యాలు 2 వంతులు, మధ్యాహ్నం 3 వంతులు, రాత్రి 2 వంతులు అని ఉంది; కింద సన్నని అక్షరాలతో ‘ఒక వంతు 30 గ్రాములు’ అని రాసి ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని సరిగ్గా అర్థం చేసుకోవడానికే నాకు దాదాపు రెండు వారాలు పట్టింది.

నేను ఆ సాయంత్రమే ఒక చిన్న డిజిటల్ కాటా కొని తెచ్చుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం ఖాళీ కంచాన్ని కాటా మీద పెట్టి, సున్నా చేసి, అన్నం పెట్టడం మొదలుపెట్టాను. అన్నం వడ్డించే గరిటె, అంటే హస్తంతో ఒకసారి తీసి పెట్టగానే 72 గ్రాములు చూపించింది. మరికొంచెం పెట్టి 90 దగ్గర ఆపేశాను. కంచం అడుగున ఒక మూలకు ఒదిగిన ఆ అన్నాన్ని చూస్తే పసిపిల్లకు గోరుముద్దలు పెట్టడానికి తీసినట్టు ఉంది. పప్పు కలుపుకుంటే నాలుగైదు ముద్దలు అయింది, పెరుగుకు మెతుకు మిగల్లేదు. ఇంత తక్కువ తినేవాళ్లు కూడా ఉంటారా అని ఆశ్చర్యపోయినా, ఇన్నాళ్లూ నేను ఎక్కువ తిన్నానేమో, అలవాటు లేక ఇలా అనిపిస్తోందేమో అనుకుని ఓర్చుకున్నాను. రాత్రి 60 గ్రాములే పెట్టుకున్నాను. ఏడో రోజు జూనియర్ కాలేజీలో బోర్డు మీద లెక్క చేస్తూ ఉండగా కళ్లు తిరిగాయి. పిల్లలు కుర్చీ తెచ్చి కూర్చోబెట్టారు.

రెండోసారి వెళ్లినప్పుడు ఆహార నిపుణురాలు నేను రాసుకున్న పుస్తకం చూసి, కంగారుగా, “మేడం, 30 గ్రాములంటే బియ్యం. అన్నం కాదు” అన్నారు. అప్పటి వరకూ నాకు ఆ ఆలోచనే రాలేదు. ఇంటికి వచ్చి సోనా మసూరి బియ్యం సరిగ్గా 200 గ్రాములు తూచి కుక్కర్‌లో వండి, అయిన అన్నాన్ని తూచాను. 540 గ్రాములు వచ్చింది. అంటే 30 గ్రాముల బియ్యం మా ఇంట్లో సుమారు 80 గ్రాముల అన్నం అవుతుంది. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్లబియ్యంలో దాదాపు 356 కేలరీలు ఉంటాయి కాబట్టి, ఒక వంతుకు 107 కేలరీలు. నేను మధ్యాహ్నం 320 కేలరీలు తినవలసిన చోట 120 తిన్నాను. పట్టికలో ‘బియ్యం’ అన్న ఒక్క మాట ఉంటే ఈ వారం రోజుల బాధ ఉండేది కాదు. ఇలాంటి పట్టికలు ఇచ్చేవారందరూ పచ్చిదా, వండినదా అన్నది పెద్ద అక్షరాలతో రాయాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఆ పోషకాహార సంస్థ మాకు దూరమేమీ కాదు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన ఆ సంస్థ తార్నాకలో ఉంది. ఎన్నో ఏళ్లుగా నేను దాని గోడ పక్కనుంచే బస్సులో కాలేజీకి వెళ్తున్నాను. వారు భారతీయుల కోసం రూపొందించిన ఆహార మార్గదర్శకాలను ఆ తర్వాతే తీరిగ్గా చదివాను.

లెక్క తేలిన తర్వాత, అసలు నేను ఇదివరకు ఎంత తినేదాన్నో తెలుసుకోవాలనిపించింది. ఒక ఆదివారం ఏమీ తగ్గించకుండా, ఎప్పటిలాగే పెట్టుకుంటూ, పెట్టుకున్న ప్రతిసారీ తూచాను. పప్పులోకి 170 గ్రాములు, పులుసులోకి మారు వడ్డించుకున్నది 140, చివర పెరుగులోకి 110, మొత్తం 420 గ్రాముల అన్నం అయింది. కూర, పప్పు, నెయ్యి, పెరుగు ఏవీ కలపకుండా అన్నానికే సుమారు 550 కేలరీలు. రాత్రి కూడా దాదాపు అంతే తినేదాన్ని. నాకు రోజంతటికీ కేటాయించిన 1,500 కేలరీల్లో 1,100 రెండు పూటల అన్నానికే సరిపోయేవన్నమాట. నేను తిండిపోతును కాను, నన్ను ఎవరూ అలా అనలేదు. మా వీధిలో ఏ ఇంట్లో చూసినా కంచంలో అంతే అన్నం ఉంటుంది. కంచం నిండుగా ఉండటం మర్యాద అనుకునే ఇళ్లలో పెరిగినవాళ్లకు 80 గ్రాముల అన్నం చిన్నగా కనిపించడంలో వింత లేదు.

అయితే నన్ను అన్నం కంటే ఎక్కువగా కలవరపెట్టింది నూనె. నేను నూనె గిన్నెలోంచి చెంచాతో తీసి వేసే అలవాటున్నదాన్ని, ధారగా పోయను, కాబట్టి తక్కువే వాడుతున్నానని గట్టి నమ్మకం ఉండేది. ఒకరోజు దొండకాయ వేపుడుకు ముందు నూనె గిన్నెను తూచాను, బాణలి దించిన తర్వాత మళ్లీ తూచాను. తేడా 52 గ్రాములు. గ్రాముకు 9 కేలరీల చొప్పున 468 కేలరీలు! పావుకిలో దొండకాయల్లో ఉన్న కేలరీలు దాని ముందు లెక్కలోకి కూడా రావు. మార్గదర్శకాల్లో నూనె ఒక వంతు అంటే 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను. ఆ టీస్పూనును బాణలిలో వేస్తే అడుగంతా తడవను కూడా తడవదు, ఆవాలు ఒక పక్కకు చేరి చిటపటమంటాయి. అన్నం వంతు చిన్నదిగా కనిపించిందే తప్ప తినడానికి సరిపోయింది. నూనె వంతు మాత్రం నేను నేర్చుకున్న వంట పద్ధతికే సరిపోలేదు.

రోజూ గిన్నె తూచడం విసుగు పుట్టించే పని కాబట్టి దానికి నేను వేరే దారి వెతుక్కున్నాను. నలుగురున్న మా ఇంటికి నెలకు 6 లీటర్ల నూనె వచ్చేది. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి, మనిషికి రోజుకు 45 గ్రాములు పడుతున్నట్టు లెక్క తేలింది. 2024లో సవరించిన మార్గదర్శకాలు 2,000 కేలరీలు తినే మనిషికి చూపిన నూనె 27 గ్రాములే. మరుసటి నెల నుంచి 4 లీటర్లే తెప్పించి, అవి నెలాఖరు దాకా రావాలని నిర్ణయించుకున్నాను. వేపుడు కూరలను ముందు మూతపెట్టి మగ్గించి, చివర్లో నూనె వేసి వేయించడం అలా అలవాటైంది. మొదటి నెల మావారు, పిల్లలు రుచి తగ్గిందన్నారు, రెండో నెల ఆ మాట ఎత్తలేదు.

ఇక ప్యాకెట్ల సంగతి. సాయంత్రం టీతో పాటు తినే మిక్చర్ ప్యాకెట్ వెనక ఒక సర్వింగ్‌కు 110 కేలరీలు, రోజువారీ అవసరంలో 5.5 శాతం అని ఉంటే, ఫరవాలేదనుకునేదాన్ని. ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని చదివితే సర్వింగ్ అంటే 20 గ్రాములని ఉంది. తూచి అరచేతిలో పోసుకుంటే చేతి గుంట కూడా నిండలేదు. ప్యాకెట్ మొత్తం 180 గ్రాములు, అంటే 990 కేలరీలు. నేను, మా అమ్మాయి కలిసి ఒక్క సాయంత్రంలో దాన్ని ఖాళీ చేసిన రోజులు చాలానే ఉన్నాయి. మన దేశంలో 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం 100 గ్రాములకు ఎంతో కూడా ముద్రించాలి, కాబట్టి ఇప్పుడు నేను ముందు ఆ వరుసనే చూస్తాను. ఒక్క సర్వింగ్ ఎంత అన్నది తయారీదారు నిర్ణయించుకున్నది, శాతం లెక్క కట్టేది ఆ చిన్న మొత్తానికే. న్యూజెర్సీలో ఉంటున్న మా చెల్లెలితో ఈ మాట అంటే, అక్కడ సర్వింగ్ ఎంతో ప్రభుత్వ నిబంధనలను బట్టే ఉంటుందని, అది మనుషులు మామూలుగా ఎంత తింటున్నారన్న దాని మీద ఆధారపడుతుందే కాని ఎంత తినాలన్న సలహా కాదని చెప్పింది. 2016లో ఆ నిబంధనలు మార్చినప్పుడు ఐస్‌క్రీమ్ సర్వింగ్‌ను అర కప్పు నుంచి కప్పులో మూడింట రెండు వంతులకు పెంచారట. ఆ మాట విన్నాకే నా మనసు కుదుటపడింది. సర్వింగ్ గాని, వంతు గాని ఇంతే తినమని గీసిన గీత కాదు, లెక్కించడానికి పెట్టుకున్న గిద్ద లాంటిది. గిద్ద చిన్నదని ఎవరూ బాధపడరు కదా, ఎన్ని గిద్దలన్నదే చూస్తారు.

మా అత్తయ్యగారికి మొదట్లో ఈ కాటా ఏమాత్రం నచ్చలేదు. “మెతుకులు లెక్కపెట్టుకుని తింటే ఒంటికి పడుతుందా అమ్మాయ్?” అని రెండు మూడుసార్లు అన్నారు. ఆవిడ మాటను నేను తీసిపారేయలేదు, ఎందుకంటే కంచం ముందు కూర్చుని అంకెలు చూస్తుంటే తినే సంతోషం తగ్గడం నిజమే. “రెండు నెలలు ఓపిక పట్టండి అత్తయ్యా, చేతికి అలవాటు కాగానే దీన్ని అటకెక్కిస్తాను” అన్నాను. ఆవిడే ఒకరోజు అల్మారాలోంచి మా అబ్బాయి చిన్ననాటి వెండి ఉగ్గుగిన్నె తీసి ఇచ్చి, వేరుశనగపప్పుకు ఇది వాడుకొమ్మన్నారు. దాన్ని తలకొట్టి తూస్తే 31 గ్రాములు వచ్చింది. అంతకుముందు నేను డబ్బాలోంచి గుప్పెళ్లతో తీసుకుని తినేదాన్ని. ఒక్కో గుప్పెడు 40 గ్రాముల పైనే ఉండేది, అంటే 200 కేలరీలకు పైమాటే. ఇప్పుడు ఆ ఉగ్గుగిన్నె వేరుశనగ డబ్బాలోనే ఉంటుంది.

కూరగాయల దగ్గర మాత్రం లెక్క పూర్తిగా తిరగబడింది. అక్కడ వంతు 100 గ్రాములు, రోజుకు 400 గ్రాములు తినాలి. తోటకూర 100 గ్రాములు కోసి పళ్లెంలో పోస్తే కొండలా కనిపిస్తుంది, ఉడికాక రెండు గరిటెలకు మించదు. మా ఇంట్లో మనిషికి రోజుకు కూరగాయలు 150 గ్రాములు కూడా పడటం లేదని తేలింది. కూరను నేను ఇన్నాళ్లూ అన్నంలో కలుపుకోవడానికే వండాను, దాన్ని కడుపు నింపే పదార్థంగా ఎప్పుడూ చూడలేదు. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ లాంటివి పాలు పోసి గానీ పెసరపప్పు వేసి గానీ పెద్ద గిన్నెడు వండుకుని, అన్నం ఎంత ఉంటే కూర అంతకు రెట్టింపు పెట్టుకోవడం మొదలుపెట్టాక, నాకు ఆకలి బాధ తెలియలేదు. కందిపప్పు కూడా నన్ను ఆదుకుంది. 30 గ్రాముల పప్పు ఉడికి నీళ్లు కలిసేసరికి ఒక గిన్నె నిండుతుంది, దాదాపు 100 కేలరీలే అవుతాయి.

ఫిబ్రవరిలో మళ్లీ పరీక్ష చేయించుకుంటే హెచ్‌బీఏ1సీ 5.7 వచ్చింది, బరువు 68.5 కిలోలకు దిగింది. డాక్టరుగారు ప్రస్తుతానికి మందులు అక్కర్లేదని, ఇదే కొనసాగించమని చెప్పారు. కాటా ఇప్పుడు నిజంగానే అటక మీద ఉంది. నెలకొకసారి దించి, నా చెయ్యి గాడి తప్పిందేమో చూసుకుంటాను. పోయిన నెల హస్తంతో తీసిన అన్నం 72కు బదులు 85 గ్రాములు తూగింది.

ఆదివారం మధ్యాహ్నం మొదటి ముద్ద మాత్రం ఆవకాయతోనే తింటాను, దాన్ని వదులుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు. హస్తంతో ఒకసారి తీసిన వేడి అన్నం, టీస్పూను నెయ్యి, ఊట నూనె వంచేసిన ఒక ముక్క. పుస్తకంలో 170 కేలరీలని రాసుకుని, తర్వాత కూర గిన్నె దగ్గరికి జరుపుకుంటాను.