పీఎంపీకి సంతకం పెట్టేదెవరు? – నా అనుభవం

మొన్న శుక్రవారం పీఎంపీ పాసయ్యాను. ప్రాజెక్టులు నడిపేవాళ్లకి పీఎంఐ అనే అమెరికా సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ అది. పరీక్షలోని మూడు భాగాల్లోనూ 'అబవ్ టార్గెట్', అంటే అన్నిటికంటే పై గ్రేడు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే కింద రాసింది చదువుతూ ఈవిడకి వచ్చిందా లేదా అని మీరు టెన్షన్ పడతారు. పరీక్ష ఎంత కష్టమో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు పరీక్ష నాలుగు గంటల్లో అయిపోయింది. దానికి ముందు ఒక్క సంతకం కోసం 53 రోజులు తిరిగాను.

నేను సివిల్. ప్లానింగ్ ఇంజనీర్‌ని. పొద్దున ప్రైమావెరా సాఫ్ట్‌వేర్‌లో షెడ్యూలు, మధ్యాహ్నం సైటు, సాయంత్రం ఆర్ఏ బిల్లులు (జరిగిన పనికి ఎప్పటికప్పుడు పెట్టే బిల్లులు), ఇదీ నా బతుకు. 2024 జనవరిలో మా ఆఫీసులో సీనియర్ పోస్టు ఖాళీ అయితే, సర్టిఫికేషన్ ఉన్నవాళ్లకి ప్రాధాన్యం అని హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. ఏ సర్టిఫికేషనో మాత్రం రాయలేదు. వాళ్లకి తెలిస్తే కదా రాయడానికి.

ఇంట్లో అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. మా మరిది సాఫ్ట్‌వేర్. "వదినా, సీఎస్ఎం చేసెయ్యండి. రెండు రోజుల క్లాసు, 50 ప్రశ్నలు, 37 కరెక్టయితే చాలు" అన్నాడు. సీఎస్ఎం అంటే స్క్రమ్ సర్టిఫికెట్. స్క్రమ్ అంటే సాఫ్ట్‌వేర్ వాళ్లు పనిని చిన్న చిన్న ముక్కలుగా, స్ప్రింట్లుగా చేసే పద్ధతి. స్ప్రింట్ అంటే ఏంటని అడిగితే రెండు వారాలకోసారి పూర్తయిన పని కస్టమర్‌కి చూపించడం అన్నాడు. మా సైట్లో స్లాబు సగం పోసి, ఎలా ఉంది సార్, మిగతాది పొయ్యమంటారా అని అడగాలి కాబోలు. పైగా అది రెండేళ్లకోసారి డబ్బు కట్టి రెన్యువల్ చేయించుకోవాలి. స్క్రమ్ దారే కావాలనుకునేవాళ్లు అందులోనే ఇంకో సర్టిఫికెట్, పీఎస్ఎం వన్, చూడండి. క్లాసు తప్పనిసరి కాదు, రెన్యువల్ లేదు. కాకపోతే గంటలో 80 ప్రశ్నలు, 85 శాతం రావాలి.

బ్రిటన్‌లో, లీడ్స్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయిది ఇంకో పాట. "ఇక్కడ ప్రిన్స్‌టూ లేకపోతే ఇంటర్వ్యూకి కూడా పిలవరే" అంటాడు. నిజమే అయ్యుంటుంది, ప్రిన్స్‌టూ అనే ఈ ప్రాజెక్టు నిర్వహణ పద్ధతి పుట్టిందే అక్కడ. 1989లో బ్రిటన్ ప్రభుత్వం తన ఐటీ ప్రాజెక్టుల కోసం ప్రిన్స్ అని మొదలుపెట్టి, 1996లో అన్ని రకాల పనులకీ పనికొచ్చేలా మార్చి రెండో ప్రిన్స్ చేసింది. ఫౌండేషన్ పరీక్ష గంటలో 60 ప్రశ్నలు, 60 శాతం వస్తే పాస్. ఆ పైన ప్రాక్టీషనర్, దానికి వాళ్ల పుస్తకం తెరిచి పెట్టుకునే రాయొచ్చు. అనుభవం అడగరు. ఎవరి సంతకమూ అడగరు. ఈ చివరి మాట ఆరోజు నా చెవికెక్కలేదు.

నేను పీఎంపీ ఎందుకు ఎంచుకున్నానంటే, నేను చూసిన నిర్మాణ కంపెనీల ప్రకటనల్లో, ముఖ్యంగా గల్ఫ్ వాటిల్లో, ఎక్కువగా కనిపించింది అదే. రేపు మావారికి దోహా బదిలీ అయినా పనికొస్తుంది. నేను అప్లై చేసినప్పుడు దానికి డిగ్రీ ఉన్నవాళ్లకి గత 8 ఏళ్లలో 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం ఉండాలన్నారు, 35 గంటల క్లాసు ఉండాలన్నారు. నా అనుభవం పాత కంపెనీలో 26 నెలలు, ఇప్పటి దాంట్లో 14. మొత్తం 40. లెక్క సరిపోయింది.

35 గంటలూ ఆన్‌లైన్‌లో పూర్తి చేశాను. దానికి కష్టమేం లేదు.

అప్లికేషన్ దగ్గర మాత్రం ఒక తెలివితక్కువ పని చేశాను. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అప్లికేషన్ రాసిపెడతామంటే డబ్బు కట్టాను. వాళ్లు పంపిన దాంట్లో నా సెంట్రింగ్ పనులు, కాంక్రీటు పోతలు ఏవీ లేవు. అన్నీ బ్యాంకు సాఫ్ట్‌వేర్ మాటలే. ఇంకెవరి అప్లికేషన్‌కో పేరు మార్చి నాకు అంటగట్టారు. కూర్చుని మొత్తం నేనే మళ్లీ రాసుకున్నాను. "ఆడిట్ రాదు మేడం, మా స్టూడెంట్స్‌లో ఒక్కరికీ రాలేదు" అని కూడా భరోసా ఇచ్చారు. ఆడిట్ అంటే, మనం రాసింది నిజమేనా అని పీఎంఐ వాళ్లు కాగితాలు అడిగి చూడటం. ఆడిట్ వచ్చాక ఫోన్ చేస్తే ఎత్తలేదు. నా మాట విని ఇలాంటివాళ్లకి ఒక్క రూపాయి ఇవ్వకండి.

అప్లికేషన్ పీఎంఐ వాళ్లు ఒప్పుకున్నారు. ఫీజు కట్టాను. కట్టిన కాసేపటికే మెయిల్: మీ అప్లికేషన్ ఆడిట్‌కి ఎంపికైంది, 90 రోజుల్లో కాగితాలు పంపండి. ఎంపికైంది అన్న మాట చూసి ముందు సంబరపడ్డాను కూడా. మూడు కావాలి. 35 గంటల సర్టిఫికెట్, అది ఉంది. డిగ్రీ, అది ఉందనుకున్నాను. తీరా బీరువా తీస్తే ప్రొవిజినలూ, మార్కుల మెమోలూ తప్ప ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ, లేదు. ఇన్నేళ్లలో ఏ ఉద్యోగానికీ ఎవరూ అడగలేదు, నేనూ యూనివర్సిటీ వైపు వెళ్లలేదు. అప్లై చేస్తే మూడు వారాలకి చేతికొచ్చింది. మీలో సగం మంది బీరువాల్లో కూడా ఓడీ ఉండదు, ఇవాళే చూసుకోండి.

మూడోది సంతకాలు. ఒక్కో ప్రాజెక్టు గురించి నేను రాసింది ప్రింటు తీసి, ఇది నిజమే అని, కాంటాక్ట్‌గా ఎవరి పేరు ఇచ్చానో వాళ్లచేత సంతకం పెట్టించాలి. ఇప్పటి కంపెనీలో మా సార్ కారు ఎక్కబోతూ బానెట్ మీద పెట్టి చేసేశారు. పాత కంపెనీకి నేను ఇచ్చిన పేరు మా జీఎం గారిది.

ఆయనకీ నాకూ మాటల్లేవు. అక్కడ నేను చేసిన ప్రాజెక్టు విజయవాడ దగ్గర స్టిల్ట్ ప్లస్ 9 (కింద పార్కింగు, పైన తొమ్మిది అంతస్తులు), మూడు బ్లాకుల అపార్టుమెంటు. హ్యాండోవర్‌కి రెండు నెలల ముందు, మావారికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే నేను రాజీనామా చేశాను. మధ్యలో వదిలేసి పోయిందని అందరికీ చెప్పుకున్నారట. సరే, ఇన్నేళ్లయింది కదా, మర్చిపోయి ఉంటారులే అనుకున్నాను. ఫోన్ చేస్తే ఎత్తరు. వాట్సాప్‌లో బ్లూ టిక్కులు పడతాయి, జవాబు ఉండదు. మెయిల్ మూడుసార్లు పెట్టాను. ఇరవై రోజులు ఇలాగే పోయాక రాత్రి బస్సెక్కి విజయవాడ వెళ్లాను.

పదింటికి ఆఫీసులో కూర్చుంటే ఒంటిగంటకి లోపలికి పిలిచారు. కూర్చోమనలేదు. ఎదురుగా రెండు కుర్చీలుంటే ఒకదాంట్లో అకౌంటెంటు గారు, ఇంకోదాంట్లో ఫైళ్లు.

"ఏంటమ్మా, అమెరికావాళ్లకి నా సంతకం కావాల్సొచ్చిందా?" అని కాగితం అందుకుని పైకి చదవడం మొదలుపెట్టారు. "లెడ్ ద ప్లానింగ్ అండ్ ఎగ్జిక్యూషన్ ఆఫ్ త్రీ రెసిడెన్షియల్ బ్లాక్స్." అక్కడ ఆగి అకౌంటెంటు గారి వైపు తిరిగారు. "ఏమండీ, మన ప్రాజెక్టు ఈవిడ లీడ్ చేసిందంట. మరి మనమేం చేశాం?"

అకౌంటెంటు గారు నవ్వారు. నవ్వి, వెంటనే లెడ్జర్‌లోకి చూసుకున్నారు. ఆయనా నేనూ బిల్లుల కోసం రాత్రి పదింటిదాకా కూర్చున్న రోజులు ఎన్నో ఉన్నాయి.

"నువ్వు నా కింద చేశావు. షెడ్యూల్ టైపు చేశావు. దాన్ని లీడ్ అంటారా?" అని పెన్ను తీసి 'లెడ్' కొట్టేసి పైన 'అసిస్టెడ్' అని రాశారు. నాలుగు చోట్ల. "ఇలా మార్చి తీసుకురా, పెడతాను" అన్నారు. టీ వచ్చింది. కుర్రాడు రెండు కప్పులు పెట్టి వెళ్లిపోయాడు.

'అసిస్టెడ్' అని రాసుకుంటే నా 26 నెలలూ గోవిందా. పీఎంఐ అడిగేది నడిపిన అనుభవం. హోదా పేరు ప్రాజెక్టు మేనేజరే అయ్యుండక్కర్లేదు గానీ పని మాత్రం ముందుండి నడిపినదే అయ్యుండాలి. మరి నేను నడపలేదా? మేడం లెవెల్ చూడందే కాంక్రీటు పోయించనని మేస్త్రి భీష్మించుకునేవాడు. 14 రోజులు పట్టే స్లాబు సైకిల్‌ని, అంటే ఒక స్లాబు నుంచి పై స్లాబు దాకా పట్టే టైముని, 9 రోజులకి తెచ్చింది నేను. గొప్పలు అనుకుంటే అనుకోండి. ఆ గదిలో మాత్రం ఇవేవీ నోటికి రాలేదు. "సరే సార్" అని కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని బయటికొచ్చాను. బస్టాండులో పల్లీలు కొనుక్కుని, తినకుండా అలాగే ఇంటికి తెచ్చాను.

తర్వాత రెండు వారాలు ఏం చేశానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఏమీ చేయలేదు. పుస్తకం తెరవలేదు. ప్రిన్స్‌టూ చేసుంటే ఈ గోల ఉండేది కాదని లీడ్స్ అన్నయ్య మీద చిరాకుపడ్డాను, పాపం అతను చెప్పిందే అది. క్లయింటు వైపు ఇంజనీరు గారి కోసం ప్రయత్నిస్తే ఆయన కూతురి దగ్గరికి అమెరికా వెళ్లిపోయారు, పాత నంబరు కలవలేదు. అసలు కాంటాక్ట్‌గా బాస్ పేరే ఇవ్వాలని లేదు, ఆ ప్రాజెక్టు నేరుగా తెలిసిన క్లయింటు అయినా సహోద్యోగి అయినా ఇవ్వొచ్చు. అప్లికేషన్ నింపేటప్పుడు ఆ బుద్ధి ఏమైందో నాకు.

ఓడీ వచ్చిన రోజు దాన్ని ఫైల్లో పెడుతుంటే పాత కాగితం ఒకటి కిందపడింది. మెయిల్ ప్రింటు. బి బ్లాకు ఆలస్యమైనప్పటిది. సంక్రాంతికి ఊరెళ్లిన సెంట్రింగ్ వాళ్లు తిరిగి రాలేదు, ఎందుకంటే వాళ్ల బిల్లులు రెండు హెడ్డాఫీసులోనే ఆగిపోయాయి. 47 రోజులు పని పడుకుంది. క్లయింటు గట్టిగా అడిగితే మా జీఎం గారు జవాబు రాసి, కాపీ నాకూ పెట్టారు. ఈ ప్రాజెక్టు షెడ్యూలు, మనుషులు, సబ్ కాంట్రాక్టర్లు, సైటు నిర్వహణ, ఈ మొత్తం బాధ్యత ఫలానా ఆవిడదే, ఆలస్యానికి ఆవిడే జవాబుదారీ అని. ఆ రోజు రాత్రి ఏడ్చి, ఎప్పుడైనా పనికొస్తుందని ప్రింటు తీసి దాచాను. దేనికి పనికొస్తుందో అప్పుడు తెలియదు.

ఆలస్యమైనప్పుడు ప్రాజెక్టు నాది. పూర్తయ్యాక ఆయనది.

మళ్లీ బస్సెక్కాను. ఈసారి పిలిచేదాకా ఆగకుండా తలుపు తోసుకుని వెళ్లాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను: కొట్టివేతల్లేని కొత్త ప్రింటు, ఆయన మెయిలు. "సార్, ఇందులో మీరు రాసిందే అందులో నేను రాశాను. తప్పయితే రెండూ కొట్టేయండి" అన్నాను. బస్సులో సూర్యాపేట నుంచీ వల్లించుకుంటూ వచ్చిన మాట అది.

ఆయన మెయిలు మొత్తం చదివారు. ఈసారి పైకి చదవలేదు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని సంతకం చేశారు. పెన్ను మూత పెడుతుంటే "తేదీ కూడా వెయ్యండి సార్" అన్నాను. వేశారు. "టీ తాగుతావా అమ్మా?" అన్నారు. బస్సుందని చెప్పి వచ్చేశాను. అకౌంటెంటు గారు మెట్ల దాకా వచ్చి ఏదో అనబోయారు. నేను ఆగలేదు. ఆగాల్సిందేమో.

అప్‌లోడ్ చేసిన కొద్దిరోజులకే ఆడిట్ దాటేసింది.

ఇక పరీక్ష. నేను రాసినప్పుడు 180 ప్రశ్నలు, 230 నిమిషాలు, మధ్యలో పది నిమిషాల విరామాలు రెండు. వీటిలో సుమారు సగం ఎజైల్ (స్క్రమ్ లాంటి పద్ధతులు), హైబ్రిడ్ (వాటినీ పాత పద్ధతినీ కలిపింది) ప్రశ్నలే. స్క్రమ్ వద్దని పారిపోయినదాన్ని మళ్లీ అదే కూర్చుని చదవాల్సొచ్చింది, మా మరిది ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పీఎంఐ వాళ్ల గైడు పుస్తకం ఆరో ఎడిషన్‌లోని 49 ప్రాసెస్‌లు బట్టీ పట్టకండి, నేను పట్టి నెల పాడుచేసుకున్నాను. టీమ్‌లో ఇద్దరు గొడవపడుతున్నారు, ముందు ఏం చేస్తావు లాంటి ప్రశ్నలే ఎక్కువ. పైకి చెప్పి ఫిర్యాదు చేస్తాను అనే ఆప్షన్ చాలాసార్లు తప్పు. ముందు పిలిచి మాట్లాడాలి. నా సంగతి తెలిసిందే కదా, ఆ ప్రశ్నలు చూసి నాలో నేనే నవ్వుకున్నాను.

పేరు జాగ్రత్త. ఐడీలో ఎలా ఉందో పీఎంఐ అకౌంటులోనూ అలాగే ఉండాలి. నా ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, అకౌంటులో ఒట్టి అక్షరం. పరీక్షకి వారం ముందు గమనించి మార్పించుకున్నాను. సెంటర్లో జేబులు తిప్పి చూపించమన్నారు, నా డ్రెస్సుకి అసలు జేబులే లేవు.

అయిపోయిందనుకుంటే ఇంకా ఉంది, సర్టిఫికెట్ నిలబెట్టుకోవాలంటే మూడేళ్లలో 60 పీడీయూలు (ఇంకా నేర్చుకుంటున్నామని చూపించే పాయింట్లు) కూడబెట్టాలట. చూద్దాం.

నిన్న మా ఆఫీసులో జూనియర్ అబ్బాయి వచ్చి, "మేడం, పీఎంపీ మంచిదా, ప్రిన్స్‌టూ మంచిదా?" అని అడిగాడు. మీ పాత సార్‌తో నీకు మాటలున్నాయా అని అడిగాను. తల గోక్కున్నాడు. ప్రిన్స్‌టూ ఫౌండేషన్ లింకు పంపించాను.