టూ-వే హార్న్ స్పీకర్లు: చెన్నైలో మొదటి జత కట్టిన పద్ధతి

హార్న్ స్పీకర్లు కట్టాలనుకునేవాళ్లు చాలామంది ముందు హార్న్ (పై స్వరాలను బయటికి పంపే గరాటు) కొనేసి, తర్వాత దానికి తగ్గ ఊఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద కోను స్పీకరు) కోసం వెతుకుతారు. నేను ముందు ఒక అంకె రాసుకున్నాను: 1300 హెర్ట్జ్. ఊఫర్ ఆగి హార్న్ అందుకునే చోటు అది. హార్న్ పొడవు, మూతి వెడల్పు, ఊఫర్ సైజు, క్రాసోవర్ (స్వరాలను ఈ రెండింటికీ పంచే ఫిల్టర్) కాయిల్‌లో చుట్లు, అన్నీ దాని వెనకే వస్తాయి.

ఆ అంకెకు కారణం ఇది. 12 అంగుళాల ఊఫర్‌లో నిజంగా ఊగే కోను వ్యాసం సుమారు 26 సెం.మీ. అంత కోను 1300 హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని దాదాపు 90 డిగ్రీల వెడల్పులో పంపుతుంది. పైకి పోయేకొద్దీ ఆ వెడల్పు కుంచించుకుపోతుంది, పక్కన కూర్చున్నవాడికి గొంతులు మసకబారతాయి. అటువైపు ఒక అంగుళం గొంతు (శబ్దం హార్న్‌లోకి వెళ్లే ఇరుకు నోరు), 44 మి.మీ. కాయిల్ ఉన్న కంప్రెషన్ డ్రైవర్లకు (హార్న్ వెనక బిగించే శబ్ద యూనిట్లకు) కంపెనీలు చెప్పే కనీస క్రాసోవర్ మామూలుగా 1200 నుంచి 1600 హెర్ట్జ్ దాకా ఉంటుంది. రెండూ కలిసే చోటు 1300. 15 అంగుళాల ఊఫర్ పెడితే 1000 హెర్ట్జ్ దగ్గరే 90 డిగ్రీలకు వచ్చేస్తుంది. అంత కిందికి దిగాలంటే పెద్ద గొంతు డ్రైవర్ కావాలి, ఖర్చు మారిపోతుంది. మొదటి జతకు 12 అంగుళాలే నయం.

డ్రైవర్ల కోసం చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కు వెళ్లేవాళ్లకు ఒక మాట. అక్కడ ఊరికే 'హార్న్ డ్రైవర్' అని అడిగితే గుడి మైకుసెట్లకు వాడే డ్రైవర్ యూనిట్ తీసిస్తారు. అది మాటకోసం చేసింది, పై స్వరాలు దానివల్ల కాదు. 'ఒక అంగుళం కంప్రెషన్ డ్రైవర్, 8 ఓమ్‌లు, బోల్ట్-ఆన్' అని అడగాలి. మరతో బిగించే రకం కూడా ఉంది, దాని మర 1-3/8 అంగుళాలు, అంగుళానికి 18 చుట్లు. చెక్క హార్న్‌కు బోల్టుల రకమే సులువు. డబ్బా మీద రాసిన వాట్లను పట్టించుకోనక్కర్లేదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే 8 ఓమ్‌ల యూనిట్ 5.5 నుంచి 6 ఓమ్‌ల మధ్య చూపాలి, జతలో రెండూ దాదాపు సమానంగా ఉండాలి. ఊఫర్ కోనును రెండు చేతుల వేళ్లతో సమంగా నొక్కినప్పుడు గీసుకుంటున్న చప్పుడు వస్తే వదిలేయాలి. చెన్నై ఉక్కలో ఫోమ్ అంచు ఎక్కువకాలం బతకదు, తేమకు పొడిపొడిగా రాలిపోతుంది. మడతల గుడ్డ అంచున్న పీఏ (సభల మైకుసెట్ల రకం) ఊఫరే తీసుకున్నాను. దాని లెక్కలు: ఎఫ్ఎస్ (కోను సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) 42 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె) 0.35, వీఏఎస్ (కోను సాగుడుకు సమానమైన గాలి పరిమాణం) 80 లీటర్లు, సున్నితత్వం ఒక వాట్‌కు మీటరు దూరంలో 94 డీబీ. హార్న్ మీద కంప్రెషన్ డ్రైవర్‌ది 107 డీబీ. ఈ 13 డీబీల తేడా సంగతి క్రాసోవర్ దగ్గర చెప్తాను.

ప్లైవుడ్ 18 మి.మీ.ది, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ గ్రేడ్. ఇక్కడి తేమకు ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక) అంచులు ఉబ్బుతాయి, స్క్రూ పట్టిన చోట పొరలు విడిపోతాయి. ఎనిమిది బై నాలుగు షీట్ ఒకటి రెండు డబ్బాలకూ సరిపోతుంది. ముందు పొడవునా 600 మి.మీ. పట్టీలు రెండు తీయాలి. మొదటి పట్టీలో 400 మి.మీ. ముక్కలు నాలుగు (ముందు, వెనక పలకలు), 324 మి.మీ.వి రెండు (పక్క పలకలు). రెండో పట్టీలో 324వి ఇంకో రెండు, ఆపైన 364 బై 324 ముక్కలు నాలుగు (పైవి, కిందివి). రంపం తినే చెక్క పోనూ చోటు మిగులుతుంది. డబ్బా బయటి కొలత 400 వెడల్పు, 600 ఎత్తు, 360 లోతు. లోపల 66 లీటర్లు. ఊఫర్, పైపు, అడ్డపట్టీ ఆక్రమించింది పోగా 60 లీటర్లు మిగులుతుంది, ఈ ఊఫర్‌కు కావలసింది అంతే.

పోర్టుకు 110 మి.మీ. డ్రైనేజీ పీవీసీ పైపు. దాని లోపలి వ్యాసం సుమారు 104 మి.మీ., కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ. 60 లీటర్లకు, 45 హెర్ట్జ్‌కు పొడవు 13.5 సెం.మీ. వస్తుంది. 15 సెం.మీ. ముక్క పెట్టి, ఇంపెడెన్స్ (ఫ్రీక్వెన్సీని బట్టి మారే నిరోధం) గీత చూస్తూ తగ్గించుకోవడం మేలు. రెండు శిఖరాల మధ్య లోయ 45 దగ్గర పడాలి. లోయ అంతకన్నా కింద ఉంటే పైపు పొడవు ఎక్కువైనట్టు. లోపలి గోడలకు అంగుళం మందం ఫెల్ట్ చాలు, పోర్టు వెనక మాత్రం ఖాళీగా వదలాలి. ఊఫర్‌ను పై అంచుకు వీలైనంత దగ్గరగా పెట్టాలి, కేంద్రం పైనుంచి 180 మి.మీ. దగ్గర. చిల్లు 282 మి.మీ., కానీ చేతిలో ఉన్న ఊఫర్‌ను కొలిచాకే కోయాలి.

ఇక హార్న్. నేను ఎంచుకున్నది గుండ్రటి ఎక్స్‌పొనెన్షియల్ (సమాన దూరానికి సమాన రెట్లు విచ్చుకునే) ఆకారం, కటాఫ్ (దాని కింద హార్న్ పనిచేయని చోటు) 450 హెర్ట్జ్. క్రాసోవర్ దానికి దాదాపు మూడు రెట్ల పైన ఉంది కాబట్టి కటాఫ్ దగ్గరి గతుకులు వినబడే చోటికి రావు. ఈ ఆకారంలో ఇంకో సౌకర్యం ఉంది. కంప్రెషన్ డ్రైవర్ శక్తి 3500 హెర్ట్జ్ ప్రాంతం దాటాక పడిపోతూ వస్తుంది. అన్నివైపులకూ సమంగా పంచే హార్న్ మీద ఆ పడిపోవడం నేరుగా వినిపిస్తుంది, ఈక్వలైజర్ కావాలి. ఎక్స్‌పొనెన్షియల్ హార్న్ పై స్వరాలను ఎదురుగా ఇరుకు చేసి పంపుతుంది కనుక ఎదురుగా కూర్చున్నవాడికి ఆ లోటు చాలావరకు పూడిపోతుంది. బదులుగా సోఫా చివర కూర్చున్నవాడికి తాళాల మెరుపు తగ్గుతుంది. ఇంట్లో ఒకరిద్దరు వినే గదికి ఈ బేరం గిట్టుబాటే అని నా లెక్క.

హార్న్ మొత్తం 18 మి.మీ. ప్లై రింగులు 15, ఒకదాని మీద ఒకటి. లెక్క చాలా సులువు: 25.4 మి.మీ. గొంతుతో మొదలుపెట్టి ప్రతి పొరకూ 1.16తో గుణించుకుంటూ పోవడమే. చిల్లులు వరుసగా 25.4, 29.5, 34, 39.5, 46, 53, 62, 72, 83, 96.5, 112, 130, 151, 175, 203. చివరి పొర బయటి మూతి 235 మి.మీ., పొడవు 270 మి.మీ. అంబత్తూరు, గిండీ ఎస్టేట్లలో సీఎన్‌సీ రౌటర్ ఉన్నవాళ్లు ఈ రింగులు కోసిస్తారు. లేజర్ మాత్రం వద్దు, 18 మి.మీ. ప్లై అంచులు మాడి బొగ్గవుతాయి, ఆ మసి మీద జిగురు పట్టదు. ఎనిమిదో పొర దాకా బయటి వ్యాసం 180, ఆపైన పెంచుకుంటూ చివరికి 290. పక్కపక్క పొరలకు ఉమ్మడిగా రెండు 6 మి.మీ. డోవెల్ చిల్లులు పెట్టమనాలి, లేకపోతే బిగించేటప్పుడు తడి జిగురు మీద పొరలు జారతాయి.

డ్రైవర్ బిగించే సంగతి ముందే ఆలోచించుకోకపోతే ఇరుక్కుంటాం. రెండు ఎం6 బోల్టులు 76 మి.మీ. ఎడంలో ఉంటాయి, హార్న్ వైపు నుంచి డ్రైవర్‌లోకి దిగాలి. పొరలన్నీ అంటించేశాక స్క్రూడ్రైవర్ అక్కడికి పోదు. అందుకే మొదటి పొరను అంటించకుండా పలకలా విడిగా ఉంచాలి. కౌంటర్‌సంక్ బోల్టులతో ముందు డ్రైవర్‌ను ఆ పలకకు బిగించి, తర్వాత పలకను డ్రైవర్ బయటి అంచు అవతల నుంచి స్క్రూలతో మిగతా హార్న్‌కు బిగించాలి. డయాఫ్రం (డ్రైవర్‌లో ఊగే పలచటి పొర) మార్చాల్సి వచ్చినా విప్పడం తేలిక. గొంతు దగ్గర ఒక మిల్లీమీటరు మెట్టు ఉన్నా పై స్వరాల గీతలో అలలు కనిపిస్తాయి. గాస్కెట్ లోపలికి పొడుచుకు రాకుండా చూసుకోవాలి.

అంటించడం ఫెవికాల్ మెరైన్‌తో, ఒక్కసారికి మూడు నాలుగు పొరలు, సీ-క్లాంపులతో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో జిగురు ఆరడానికి రెట్టింపు సమయం ఇవ్వాలి. పాలిష్ ఆ నెలల్లో వేస్తే తెల్లటి పొగమంచులా మిగిలిపోతుంది. మెట్లు తీసే పని అర్ధచంద్రాకారపు ఆకురాయితో మొదలై 60, 120, 220 నంబర్ల ఎమరీతో ముగుస్తుంది. 3 మి.మీ. ప్లై ముక్క మీద హార్న్ వంపు గీసి కోసి మూస చేసుకుని, లోపల తిప్పి చూస్తూ అరగదీయాలి. మెట్టు మూల ఎక్కడ కనుమరుగవుతుందో అక్కడే ఆపాలి, మూలకు అవతలి చెక్క అరిగితే వంపు చెడుతుంది. మూతి అంచుకు 12 మి.మీ. గుండ్రం ఇవ్వాలి.

క్రాసోవర్ రెండో ఆర్డర్ లింక్‌విట్జ్-రైలీ అనే రకం ఫిల్టర్. 8 ఓమ్‌లకు, 1300 హెర్ట్జ్‌కు కాయిల్ 1.96 మిల్లీహెన్రీలు, కెపాసిటర్ 7.65 మైక్రోఫారడ్లు. ఈ కెపాసిటర్ల కోసం ఆడియో పేరుతో అమ్మే ఖరీదైనవి అక్కర్లేదు. సీలింగ్ ఫ్యాన్ కెపాసిటర్ 2.5 మైక్రోఫారడ్లది కూడా పాలీప్రొపిలీన్ ఫిల్మే. మూడు సమాంతరంగా కలిపితే 7.5. ఊఫర్‌కు మూడు, హార్న్‌కు మూడు, జతకు పన్నెండు. విడిగా ఒక్కోదాన్ని మీటరుతో కొలిచి పంచుకుంటే కుడి ఎడమలు సరిపోతాయి.

కాయిల్ తీగ మోటార్ రీవైండింగ్ షాపుల్లో కిలోల లెక్కన దొరుకుతుంది. 40 మి.మీ. పీవీసీ పైపు ముక్క మీద 25 మి.మీ. వెడల్పులో 18 గేజ్ (ఎస్‌డబ్ల్యూజీ) రాగితీగ సుమారు 211 చుట్లు. తీగ 36 మీటర్లు, బరువు 380 గ్రాముల దాకా, నిరోధం 0.54 ఓమ్. ఒక 220 చుట్లు చుట్టి, ఎల్‌సీఆర్ మీటరు చూస్తూ విప్పుకుంటూ రావాలి. హార్న్ కాయిల్‌కు 22 గేజ్ చాలు, అది సమాంతరంగా ఉంటుంది కనుక. రెండు కాయిల్స్ ఒకదానికొకటి లంబంగా, 15 సెం.మీ. ఎడంగా, ఊఫర్ అయస్కాంతానికి దూరంగా. ఊఫర్‌కు అడ్డంగా 7 ఓమ్‌లు, 15 మైక్రోఫారడ్లు సిరీస్‌లో కలిపిన జోబెల్ అనే సర్దుబాటు సర్క్యూట్ పెట్టాలి. లేకపోతే కాయిల్ ఇండక్టెన్స్ వల్ల ఊఫర్ 8 ఓమ్‌ల దగ్గర నిలవదు, పుస్తకం లెక్క పనిచేయదు.

ఇప్పుడు ఆ 13 డీబీలు. ఫిల్టర్ తర్వాత సిరీస్‌లో 6.2 ఓమ్‌లు (4.7, 1.5 కలిపి), డ్రైవర్‌కు అడ్డంగా 2.2 ఓమ్‌లు. వేడి ఎక్కువ సిరీస్ వాటికే, 20 వాట్ల వైర్‌వౌండ్ పెట్టాలి. ఇంత శక్తిని వేడిగా పారేయడం చాలామందికి నచ్చదు, నాకు మాత్రం ఇదే ఈ డిజైన్‌లో ఇష్టమైన భాగం. హార్న్ డ్రైవర్ ఇంపెడెన్స్ ఒకచోట 8, ఇంకోచోట 30 ఓమ్‌లు ఉంటుంది. ఈ రెసిస్టర్ల ప్యాడ్ వెనక ఫిల్టర్‌కు కనిపించేది మాత్రం 7.9 నుంచి 8.3 ఓమ్‌ల మధ్యే. ఆంప్లిఫయర్ సొద కూడా అంత మేర తగ్గుతుంది.

మొదటిసారి తీగ కలిపే ముందు డ్రైవర్‌కు సిరీస్‌లో 22 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి పెట్టాలి. ఆంప్లిఫయర్ ఆన్ చేసినప్పుడు వచ్చే ఒక్క థప్ చాలు డయాఫ్రం పోవడానికి. ధ్రువాలు చూడటానికి 1.5 వోల్టుల బ్యాటరీ ఊఫర్‌కే, కంప్రెషన్ డ్రైవర్‌కు వద్దు.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. హార్న్ మూతిని డబ్బా ముందు అంచుకు సమంగా పెడితే దాని డయాఫ్రం మూతికి 31 సెం.మీ. వెనక ఉంటుంది. ఊఫర్ శబ్దం పుట్టేది 9 సెం.మీ. వెనక నుంచి. తేడా 22 సెం.మీ. 1300 హెర్ట్జ్ తరంగం పొడవు 26.4 సెం.మీ. కనుక హార్న్‌ను ఇంకో నాలుగు సెం.మీ. వెనక్కి జరిపితే సరిగ్గా ఒక తరంగం ఆలస్యంతో రెండూ కలుస్తాయి. ఆ ఆలస్యం 0.77 మిల్లీసెకన్లు, సంగీతంలో నాకు పట్టుబడలేదు. అది కూడా వద్దనుకునేవాళ్లు డీఎస్‌పీ (శబ్దాన్ని డిజిటల్‌గా ఆలస్యం చేయగల పరికరం) పెట్టుకుని ఊఫర్‌ను 0.64 మిల్లీసెకన్లు ఆపొచ్చు, అప్పుడు ఒక్కో స్పీకరుకు రెండు ఆంప్లిఫయర్లు కావాలి.

కాగితం మీది నాలుగు సెం.మీ. అంచనా మాత్రమే, డ్రైవర్లు తమ ఫేజ్ (తరంగంలో ముందువెనకల తేడా) కూడా కలుపుతాయి. అందుకే హార్న్‌ను డబ్బాకు బిగించకుండా పైన ఊరికే ఉంచి కొలిచాను. కొలిచే సాఫ్ట్‌వేర్ రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచితం, మైకు మాత్రం కాలిబ్రేషన్ ఫైల్ ఉన్న యూఎస్‌బీ రకం కావాలి. స్పీకరునూ మైకునూ నేలకు మీటరు ఎత్తులో, మధ్య రెండు మీటర్ల దూరంలో పెడితే నేల ప్రతిధ్వని 2.4 మిల్లీసెకన్ల తర్వాత వస్తుంది. కొలతను అక్కడితో ఆపేస్తే (దీన్నే గేటు అంటారు) 420 హెర్ట్జ్ పైన గీత నమ్మదగ్గదే. ముందు ఊఫర్‌నూ హార్న్‌నూ ఒకే ధ్రువంతో కలిపి, హార్న్‌ను సెంటీమీటరు చొప్పున జరుపుతూ 1300 దగ్గర గొయ్యి ఎక్కడ అన్నిటికన్నా లోతుగా, రెండు వైపులా సమంగా పడుతుందో చూడాలి. 20 డీబీలకు పైగా దిగితే చోటు దొరికినట్టే. అప్పుడు హార్న్ తీగలను తారుమారు చేస్తే (రెండో ఆర్డర్ లింక్‌విట్జ్-రైలీకి అదే సరైన ధ్రువం) గొయ్యి పూడి గీత చదునవుతుంది. గొయ్యి వంకరగా ఒకవైపుకు పడుతుంటే రెండింటి వాలు సమానంగా లేదని అర్థం, కెపాసిటర్ విలువ ఒక 2.5 అటూ ఇటూ మార్చి చూడాలి. వెనక్కి జరిగిన మూతి ముందు మిగిలిన డబ్బా పైభాగం మీద ఫెల్ట్ పరచాలి.

హార్న్ కేంద్రానికీ ఊఫర్ కేంద్రానికీ 32 సెం.మీ. పైనే ఎడం ఉంది, తరంగం పొడవు కన్నా ఎక్కువ. దాంతో పైకీ కిందికీ వినే చోటు ఇరుకు. 35 నుంచి 40 సెం.మీ. స్టాండు మీద పెడితే రెండింటి మధ్య భాగం కుర్చీలో కూర్చున్నవాడి చెవి ఎత్తుకు వస్తుంది. నిలబడితే గొంతులు పలచబడటం సహజం.

400 మి.మీ. వెడల్పు పలక 290 హెర్ట్జ్ కింద ఊఫర్‌కు వెనక దన్ను ఇవ్వలేదు, అక్కడ కొన్ని డీబీలు తగ్గుతాయి. వెనక గోడకు 30, 40 సెం.మీ. దూరంలో పెడితే కొంత తిరిగి వస్తుంది. గది మధ్యకు లాగితే హార్న్ గట్టిగా అనిపిస్తుంది. అప్పుడు 2.2 ఓమ్‌ల బదులు 1.8 పెడితే హార్న్ ఇంకో డీబీ తగ్గుతుంది, 2.7 పెడితే ఒక డీబీ పెరుగుతుంది. ఫిల్టర్ బోర్డును కొన్నాళ్లు డబ్బా బయటే ఉంచి, తెలిసిన గొంతులు వింటూ ఈ రెసిస్టర్ తేల్చుకోవాలి. సోల్డర్ చేసి లోపల బిగించడం ఆ తర్వాతే.