బెర్లిన్‌లో మధ్యాహ్నం మూడు దాటాక

నా ఉద్యోగం జర్మన్ కంపెనీలోనే. కాకపోతే నాతో రోజూ పనిచేసే టీమంతా హైదరాబాద్‌లో ఉంటుంది. అందుకే బెర్లిన్‌లో ఉన్నా నా రోజు నడిచేది గచ్చిబౌలి టైమింగ్స్‌ని బట్టే. ఎండాకాలంలో ఇండియాకీ ఇక్కడికీ తేడా మూడున్నర గంటలు. అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక అది నాలుగున్నర అవుతుంది. పొద్దున్న ఆరున్నరకే ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాను. పిల్లలకి డబ్బాలు సర్ది, పంపించే పని మా ఆయనది. మధ్యాహ్నం మూడున్నరకి పిల్లలు ఇల్లు చేరేసరికి అక్కడ రాత్రి ఏడో ఎనిమిదో అవుతుంది. మావాళ్ళు ఒక్కొక్కరే లాగాఫ్ అవుతుంటారు, నా పనీ దాదాపు తెమిలిపోతుంది.

అప్పటి నుంచి పిల్లలు పడుకునే ఎనిమిది వరకు ఉన్న సమయం మా ఇంటికి పెద్ద ఆస్తి. ఇక్కడ అమ్మానాన్నలిద్దరూ ఆఫీసులకి వెళ్ళే ఇళ్ళలో బడి అయ్యాక పిల్లలు హోర్ట్‌లోనే, అంటే బడి తర్వాత పిల్లల్ని చూసుకునే చోటే, సాయంత్రం దాకా ఉంటారు. ఆరింటికి ఇంటికొస్తే మిగిలేది రెండు గంటలు. ఆ రెండు గంటల్లో మనం వాళ్ళతో మాట్లాడే తెలుగంతా ‘తిను, స్నానం చెయ్యి, బ్యాగ్ సర్దుకో, పడుకో’. దానికి పిల్లలు బదులివ్వాల్సిన పని లేదు, చేస్తే చాలు. పిల్లలకి తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడరు అని చాలామంది బాధపడతారు. నాకైతే ఇది పిల్లల మొండితనమనిపించదు, మాటలకి చోటు దొరకకపోవడమే అనిపిస్తుంది.

మా ఇంట్లో ఆ చోటు నేను అనుకోని వైపు నుంచి దొరికింది. పని అయిపోయాక ఫోన్ స్పీకర్‌లో పెట్టి, కూరగాయలు తరుగుతూ టీమ్‌లో నా స్నేహితురాలితో కాసేపు మాట్లాడతాను. బోనాలకి సెలవు దొరికిందా, సంక్రాంతికి విజయవాడ బస్సుకి టికెట్లు ఉన్నాయా, అత్తగారి మోకాలి నొప్పి ఎలా ఉంది, ఇవే కబుర్లు. రెండో తరగతి చదివే మా పెద్దది పక్కన బొమ్మలేసుకుంటూ ఇదంతా వింటుంది. ఓసారి తమ్ముడు కట్టిన బ్లాకుల మేడ కూలిపోయి వాడు ఏడుపు లంకించుకుంటే, వాడి భుజం తట్టి, ‘పర్లేదులేరా, ఏం కాదు, మళ్ళీ చూద్దాం’ అంది. ఆ సాగదీత అచ్చం నా స్నేహితురాలిదే. అది ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళతో మాట్లాడుకునే తెలుగు చెవిన పడితేనే పిల్లలకి ఇలాంటివి వస్తాయి. ఊళ్ళో అయితే అరుగు మీద, వంటింట్లో రోజంతా వినపడే మాటలే కదా ఇవి.

ఇంట్లోనే ఉంటున్నానని చిన్నోణ్ణి కీటా (బడికి వెళ్ళే వయసు రాని పిల్లల్ని చూసుకునే చోటు) మాన్పించమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. నేను ఒప్పుకోలేదు. మీటింగ్‌లో ఉన్న తల్లి ఇంట్లో ఉన్నా పిల్లాడికి అందుబాటులో ఉన్నట్టు కాదు. పైగా బెర్లిన్‌లో 2018 ఆగస్టు నుంచి కీటాకి ఫీజు లేదు, భోజనానికి నెలకి కొంత కడితే చాలు. మొదట్లో తల్లో తండ్రో పక్కనే కూర్చుని, రోజురోజుకీ కొంచెం కొంచెంగా విడిచి వచ్చే పద్ధతి ఉంటుంది ఇక్కడ. ఎంత ఓపికగా చేస్తారో చూసి నాకు చాలా గౌరవం కలిగింది. పిల్లాడికి జర్మన్ భాష స్నేహితుల దగ్గరే రావాలి. మన ఇంటి నుంచి వాడికి కావలసింది వేరే.

మా అమ్మకి అస్సలు మింగుడుపడనిది పెద్దది ఒక్కతే బడికి వెళ్ళి రావడం. మేముండే బెర్లిన్ డిస్ట్రిక్ట్ పాంకోలో ఆ వయసు పిల్లలు చాలామంది అలాగే వెళ్తారు. ఒక పెద్ద రోడ్డు, దానికొక సిగ్నల్. మొదటి వారాలు నాకు టెన్షన్‌తో పని మీద మనసు నిలవలేదు. కానీ దాన్ని ధైర్యంగా వదలగలిగానంటే, తిరిగొచ్చి బెల్ కొడితే తలుపు తీయడానికి నేనున్నాను కాబట్టే. ఈత కూడా అంతే. ఇక్కడ చిన్నపిల్లలకి జేఫెర్ట్‌హెన్ అని మొదటి ఈత బ్యాడ్జి ఇస్తారు. నీళ్ళలోకి దూకి 25 మీటర్లు ఈదాలి, భుజాల లోతు నీళ్ళలో అడుగున పడేసిన వస్తువు తీసుకురావాలి. పెద్దది ఆ బ్యాడ్జిని స్విమ్‌సూట్ మీద కుట్టించుకుని అమ్మమ్మకి వీడియో కాల్‌లో చూపించింది. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మా అమ్మకి ఈత రాదు. మనవరాలు ఈదే వీడియో ఎన్నిసార్లు పెట్టించుకుని చూసిందో!

ఇంటి నుంచి పని చేయడంలో నాకు భయం పుట్టించే సంగతి ఒకటుంది. రోజంతా తెలుగూ ఇంగ్లీషుతోనే గడిచిపోతుంది, జర్మన్‌తో పనిపడదు. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడితే గడప దాటబుద్ధి కాదు. అలా ఉంటే కొన్నేళ్ళకి పిల్లల ఊరు వేరు, నా ఊరు వేరు అయిపోతాయి. డాక్టర్ దగ్గర, బడి మీటింగుల్లో పిల్ల నాకు దుబాసీ కావడం నాకు ఇష్టం లేదు. పెద్దల సమస్యలు ఏడేళ్ళ పిల్ల నోటితో చెప్పించడం దాని మీద మోయలేని బరువు పెట్టడమే. అందుకే మా డిస్ట్రిక్ట్ ఫోక్స్‌హోక్‌షూలలో, అంటే పెద్దవాళ్ళకి పాఠాలు చెప్పే బడిలో, సాయంత్రం జర్మన్ క్లాసుకి చేరాను. ఆ సాయంత్రాలు పిల్లలు నాన్నతో ఉంటారు. ఆయన వండే చారన్నం వాళ్ళకి నా వంట కంటే ఇష్టం.

వేసవి సెలవులు ఆరు వారాలు. ఈసారి రాజమండ్రి వెళ్తున్నాం. కొన్నాళ్ళు అక్కడి నుంచే పని చేసుకోవడానికి కంపెనీ ఒప్పుకుంది, మిగతా రోజులకి సెలవు పెట్టాను. గోదావరిలో ఈదొచ్చా అని పెద్దది ఇప్పటినుంచే అడుగుతోంది. వరద రోజుల్లో ఎర్రనీళ్ళు ఎంత వడిగా పారతాయో దానికి తెలియదు. పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చోబెట్టి చూపిస్తానని చెప్పాను. ఈత మాత్రం కొలనులోనే అన్నాను. మొహం ముడుచుకుంది, కానీ ఒప్పుకుంది.