టమాట నారు తీగలా సాగుతోందా? ముందు వెలుతురు కొలవండి

ఇంట్లో దీపాల కింద పెంచే టమాట నారు మొలిచిన నాలుగైదు రోజులకే బెత్తెడు పొడుగైతే సంబరపడకండి. వెలుతురు చాలక మొలక పైకి ఎగబాకుతోందని అర్థం. గింజలో దాచుకున్న ఆహారమంతా కాడ సాగడానికే పోతుంది, వేర్లకూ ఆకులకూ మిగలదు. కాడ పాలిపోయి, దారంలా సన్నబడి, బీజదళాల (గింజలోంచి మొదట వచ్చే రెండు ఆకుల) బరువుకే వాలిపోతుంది. కాడ మొదట్లో కుళ్లి నారు పడిపోయే తెగులుకు, అంటే నారుకుళ్లుకు, ముందు లొంగేదీ ఇలాంటి నారే.

గింజ మొలవడానికి వెలుతురు అక్కర్లేదు. 25 నుంచి 28 డిగ్రీల వెచ్చదనం, తేమ చాలు. కానీ కొంకి తిరిగిన మొలక ఒక్కటి మట్టిపైన కనబడినా ఆరోజే ట్రేల మీద కప్పు తీసేయాలి. మిగతావి కూడా మొలవనిద్దామని ఇంకో రోజు ఆగితే ముందు మొలిచినవి సాగిపోతాయి. సాగిన కాడ మళ్లీ పొట్టిబడదు.

ఇక ఎంత వెలుతురు? ఈ విషయంలో కంటిని నమ్మొద్దు. గది ఎంత మసకగా ఉన్నా కన్ను సర్దుకుపోతుంది, మొక్క సర్దుకోలేదు. మొక్క వాడుకునే వెలుతురును మైక్రోమోల్స్‌లో కొలుస్తారు; ఆకుల మీద చదరపు మీటరుకు సెకనుకు 200 నుంచి 250 మైక్రోమోల్స్ పడాలి. 200 చొప్పున 16 గంటలు వెలిగిస్తే రోజుకు దాదాపు 11.5 మోల్స్ (పది లక్షల మైక్రోమోల్స్ ఒక మోల్), 250 అయితే 14.4. ఈ రెండో అంకె దగ్గర నారు పొట్టిగా, కాడ లావుగా వస్తుంది. మైక్రోమోల్స్ కొలిచే మీటరు లేకపోతే, కంటికి కనబడే వెలుగును కొలిచే లక్స్ మీటరు వాడొచ్చు: తెల్ల ఎల్‌ఈడీ కింద సుమారు 70 లక్స్‌కు ఒక మైక్రోమోల్, కాబట్టి 14,000 నుంచి 17,500 లక్స్ రావాలి. మామూలు గది దీపం కింద కొన్ని వందల లక్స్ దాటదు. దీపం మీద రాసిన వాట్లు కరెంటు ఖర్చు చెబుతాయే గాని ఆకు మీద ఎంత పడుతుందో చెప్పవు. కొలత ఆకుల ఎత్తులోనే తీయాలి. మధ్యలో సరిపోయినా ట్రే మూలల్లో బాగా తగ్గుతుంది, అందుకే రెండు రోజులకోసారి ట్రేలు తిప్పండి.

వెలుతురు చాలట్లేదని 24 గంటలూ దీపం వెలిగిస్తే ఇంకో చిక్కు. టమాటకు చీకటి తప్పనిసరి. నిరంతర వెలుతురులో ఆకులు మచ్చలు మచ్చలుగా పసుపు రంగుకు తిరుగుతాయి. రోజుకు కనీసం ఆరు గంటలు ఆర్పేయాలి.

వెలుతురు తక్కువ, వేడి ఎక్కువ అయితే సాగడం ఇంకా ఎక్కువవుతుంది. దీపం పెంచలేకపోతే గది చల్లబరచండి, రాత్రి 16 నుంచి 18 డిగ్రీలు చాలు. ఆకులు ఒకదాన్నొకటి తాకుతుంటే ట్రేలు ఎడం చేయండి: పక్క మొక్క ఆకుల నుంచి వచ్చే దూర ఎరుపు కాంతిని (ఎరుపుకు అవతల, కంటికి దాదాపు కనబడని కాంతిని) పసిగట్టి నారు పోటీకి లేస్తుంది, పైన దీపం ఎంత బాగున్నా సరే.

దీపాల కింద పెరిగిన నారును ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకుల మీద తెల్లటి కాగితంలాంటి మచ్చలు పడతాయి. మొదటి రోజు ఉదయపు ఎండ గంటసేపు చాలు, వారం పది రోజుల్లో మెల్లగా పెంచాలి.

ఇప్పటికే సాగిపోయిన నారును పెద్ద కుండీలోకి మార్చేటప్పుడు బీజదళాల దాకా పాతేయండి, కాడ నుంచి కొత్త వేర్లు వస్తాయి. నిలబడుతుంది, బాగానే పెరుగుతుంది. పూత మాత్రం ఆలస్యమవుతుంది. మొదటి పూల గుత్తి పసిదశలోనే, రెండు మూడు ఆకులప్పుడే రూపుకడుతుంది. అప్పుడు వెలుతురు తగ్గితే పూతకు ముందు మొక్క మరికొన్ని ఆకులు వేసుకుంటుంది.