ఆ రోజులే బాగుండేవట

పిన్ని మెసేజ్‌కి ఏం జవాబు రాయాలో తేలక కూర్చున్నాను. రాయకుండా వదిలేస్తే పోయేదానికి ఇంత అవసరమా అంటారు మీరు. ఈయన కూడా అదే అని అటు తిరిగి పడుకున్నారు.

అసలు మొదలుపెట్టింది ఈయనే. ఎక్కడికెళ్ళినా కాలు పెట్టీ పెట్టకముందే ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పడాలి కదా. ఇవాళ మ్యూజియంలో అత్తయ్యని నిలబెట్టి తీశారు. వెనక గోడ నిండా సుత్తులు, పారలు, కొడవళ్ళు. దాని కింద "పల్లె జీవితం, స్వచ్ఛమైన జీవితం" అని రాసి పెట్టారు. పుట్టింది గుంటూరు టౌనులో, పొలం చూసింది బస్సు కిటికీలోంచి! వెంటనే పిన్ని అందుకుంది: "ఎంత బాగుండేవో ఆ రోజులు! అన్నీ చేత్తో చేసుకునేవాళ్ళం. రోగాల్లేవు, అసూయల్లేవు." ఇంక దాని కింద దండాలు, పూలు, కన్నీళ్ళ బొమ్మలు.

అసూయల్లేవట. గట్టు తగాదాల మీద కోర్టుల చుట్టూ తిరిగిన వంశం మాది.

అత్తయ్య మ్యూజియం అంటే పాలరాయి బొమ్మలు చూపిస్తామనుకుని మంచి చీర కట్టుకుని బయల్దేరింది. తీరా చూస్తే అదొక రైతు ఇల్లు. ఇటలీలో పార్మా ఊరి నుంచి కొల్లెక్కియో దాటి వెళ్తే ఒజ్జానో తారో అనే పల్లె వస్తుంది. అక్కడ ఎత్తోరె గ్వాతెల్లి అని ఒక ఎలిమెంటరీ స్కూలు మాస్టారు ఉండేవారు. 1921లో పుట్టి 2000లో పోయారు. పల్లెజనం వాడి పారేసినవాటిని పాత ఇనుము కొనేవాళ్ళ దగ్గరా, పేలికలు ఏరుకునేవాళ్ళ దగ్గరా కొని తెచ్చి ఇంట్లో పోగుచేసుకున్నారు. మొత్తం 60 వేల దాకా ఉంటాయట. మన ఇంట్లో అయితే ఎప్పుడో మనిషిని, సామాన్లని కలిపి బయట పెట్టేవాళ్ళు.

అవి అద్దాల బీరువాల్లో ఉండవు. నేల నుంచి పైకప్పు దాకా గోడలకే ఉంటాయి. ఒక గదిలో చెప్పులు, బూట్లు. ఒక గదిలో గడియారాలు. ఇంకో చోట ఖాళీ రేకు డబ్బాలు. పెద్ద గదిలో అయితే పనిముట్లన్నీ వంపులు తిరుగుతూ, గుండ్రాలు చుడుతూ గోడంతా పాకిపోయి ఉంటాయి. చూడగానే నోరు తెరిచిన మాట నిజమే. ఆ వెంటనే చిరాకేసిన మాట కూడా నిజమే. ఆకలితో చేసిన పనిని ఇంత అందంగా సర్దితే ఇదిగో, చూసేవాళ్ళకి "స్వచ్ఛమైన జీవితం" అనే అనిపిస్తుంది.

గ్వాతెల్లి వాళ్ళది పాలుకి సేద్యం చేసే కుటుంబం. ఇక్కడ దాన్ని మెద్జాద్రియా అంటారు. భూమి యజమానిది, చాకిరీ రైతు కుటుంబానిది, పంట చెరిసగం. మన దగ్గర సగపాలు ఉండేదే, అలాగే. పంట ఒక్కటే పంచుకుంటే సరిపోయేది కాదు. పండక్కి యజమాని ఇంటికి కోళ్ళు, గుడ్లు పంపాలి. చాలా చోట్ల ఇంట్లో పెళ్ళి చేయాలన్నా ఆయన ఒప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక రైతులు గట్టిగా పోరాడితే సగం కాస్తా 53 శాతం అయింది. అంత పోరాటానికి పెరిగింది మూడు శాతం! 1964లో చట్టం తెచ్చి దాన్ని 58 చేశారు, కొత్తగా అలాంటి ఒప్పందాలు రాసుకోకూడదన్నారు. 1982 చట్టంతో మిగిలినవాటిని కూడా కౌలు కింద మార్చుకునే దారి వచ్చింది. 1982 అంటే పిన్ని కాలేజీలో చదువుతున్న రోజులు. అంత దూరపు ముచ్చటేం కాదు.

ఈ చెరిసగం మాట వినగానే నాకు తాతయ్య కళ్ళం గుర్తొచ్చింది. ఇక ఆ తర్వాత గదుల్లో ఏం చూశానో సరిగ్గా గుర్తు లేదు.

నూర్పిళ్ళు అయ్యి, తూర్పారబట్టి, రాశి పోశాక దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. రాశి చుట్టూ బూడిదతో గీత గీసేవాళ్ళు. ఆసామి తరఫున గుమాస్తా రావాలి. ఆయన ఎప్పుడొస్తే అప్పుడే. మబ్బు పట్టినా సరే, తాతయ్య పరదాలు పట్టుకుని రాశి దగ్గరే పడుకునేవాడు. గుమాస్తాకి కూర్చోవడానికి మా ఇంట్లోంచి నులకమంచం మోసుకెళ్ళేవాళ్ళు. అమ్మమ్మ మజ్జిగలో నిమ్మాకు నలిపి నాతో పంపేది. నేను గడ్డివామి ఎక్కి చూస్తుండేదాన్ని. మొదటి బస్తాని ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి రెండు, మూడు అంటూ లెక్కపెట్టేవాళ్ళు. బస్తాలు రెండు వైపులా లేచేవి. తర్వాత మా వైపు నుంచి విత్తనాల బాకీ కింద కొన్ని, ఎరువుల కింద కొన్ని, చేబదులు కింద కొన్ని అటు జరిగేవి. గుమాస్తా మంచం మీద కూర్చుని పుస్తకంలో రాసుకునేవాడు. ఆ మంచం మాది. తాతయ్య మాత్రం అంతసేపూ నిలబడే ఉండేవాడు, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని. ఒకసారి ఆయన్ని పక్కకి లాగి "మూడు ఎక్కువ రాశాడు తాతయ్యా" అన్నాను. చెవి మెలిపెట్టి ఇంటికి పంపించేశాడు. ఆ రాత్రి అన్నం దగ్గర ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు అమ్మమ్మ నన్ను తీసుకెళ్ళి ఖాళీ చేలో పరిగె ఏరించింది. నేను ఏరిన వెన్నులతో ఒడి నిండిందని మురిసిపోయాను చూడండి, అదీ నా బంగారు బాల్యం.

తాతయ్య కొడవలిని ఏ మ్యూజియంలో అయినా గుండ్రంగా అమర్చుకోవచ్చు. ఆ గుమాస్తా పుస్తకాన్ని ఏ గోడకి, ఎలా అమరుస్తారు?

ఇక్కడిదాకా రాసి పిన్నికి పంపేద్దామనుకున్నాను. కానీ మధ్యలో అత్తయ్య సంగతి ఒకటుంది.

పగిలిన మట్టి తొట్టి ఒకటి కనిపించింది అక్కడ. పగులుకి అటూ ఇటూ సన్న బెజ్జాలు వేసి ఇనుప తీగతో కుట్టారు. అత్తయ్య దాని దగ్గర ఆగి ఇక కదల్లేదు. "చూడమ్మాయ్, ఎక్కడా పెచ్చు లేవకుండా ఎట్లా వేశాడో బెజ్జం" అంది. ఆ తర్వాత సుత్తుల గోడ ముందు నిలబడి ఒక్కో పిడినీ చూపించింది. ఇది ఒకవైపే అరిగింది. దీనికి పిడి మార్చారు, కర్ర వేరు. ఇది చిన్న చేతివాళ్ళ కోసం చేయించుకున్నది. గైడమ్మాయి నన్ను అడిగి మరీ ఇటాలియన్‌లో చెప్పించుకుంది. అంతసేపూ నాకు కనిపించింది గోడ. అత్తయ్యకి కనిపించింది పనివాళ్ళు. అలా పక్కపక్కనే అన్ని సుత్తులు పెట్టకపోతే ఏ రెండూ ఒకేలా లేవని తెలిసేది కాదు. గ్వాతెల్లి బహుశా అందుకే అలా సర్దారేమో. పాలు లెక్కలు చూస్తూ పెరిగిన మనిషికి నేను ఆకలి గురించి చెప్పడమేంటి? అందంగా పెట్టడం తప్పని ఎందుకనుకున్నానో! ఆ చేతులకి గౌరవం ఇవ్వాలంటే ఇంకెలా పెట్టాలి?

సరే, గ్వాతెల్లి మాస్టారితో రాజీ పడ్డాను. పిన్నితో కాదు.

అన్నాలప్పుడు అత్తయ్యకి ఆ మెసేజ్ చదివి వినిపించాను. నా పక్షం ఉంటుందని నమ్మకం. కూలి నాట్లకి వెళ్ళిన మనిషి, ఇప్పటికీ నడుము నొప్పికి బెల్టు లేకుండా కుర్చీలో కూర్చోలేదు. ఆవిడ తాపీగా పెరుగు కలుపుకుంటూ "బాగానే ఉండేవిగా" అంది!

"మీరు కూడానా? మోకాళ్ళ లోతు బురదలో వంగి నడుం పోయిందని మీరే చెప్తారు కదా."

"పోయింది. అయితే ఏం? నాట్లేసేటప్పుడు పాటలు పాడేవాళ్ళం. మా గుంపంతా నవ్వుకునేవాళ్ళం. సాయంత్రం కూలి దగ్గర తగాదా వచ్చేది, అది వేరు."

"మరి పిన్ని ఎప్పుడు నాటేసింది?"

"ఆవిడ గట్టు మీద గొడుగేసుకుని నిలబడేది. ఆవిడకీ బాగానే ఉండుంటుంది" అని కంచం తీసుకుని లేచిపోయింది. వెక్కిరించిందో, నిజంగానే అందో తెలియదు. ఆవిడ ఎప్పుడూ అంతే.

అంటే ఆ రోజులు బాగుండేవని చెప్పే హక్కు అత్తయ్యకి ఉంది, పిన్నికి లేదు అని రాద్దామనుకున్నాను. మళ్ళీ ఆలోచిస్తే నాకేం హక్కుంది? నేను చేసిందల్లా గడ్డివామి ఎక్కి కూర్చోవడం, పరిగె ఏరడం. ఆ మాటకొస్తే ఇవాళ్టి సంగతే చూడండి. ఈ చుట్టుపక్కల డెయిరీల్లో, పార్మెజాన్ జున్ను కోసం తెల్లారకముందే లేచి ఆవుల్ని చూసుకునేవాళ్ళలో ఎంతోమంది పంజాబ్ నుంచి వచ్చినవాళ్ళు. మేం ఆదివారం వెళ్ళి ఆ జున్ను ముక్కలు రుచి చూసి, "అబ్బ, ఎంత సంప్రదాయం" అని ఫొటో తీసుకుని వస్తాం. పిన్నికీ నాకూ గొడుగు రంగు తేడా, అంతే. ఇది రాయడం నాకేం ఇష్టంగా లేదు.

అయినా రోగాల్లేవు అనడం మాత్రం ఒప్పుకోను. అమ్మమ్మ అక్క ఒకావిడ పురిట్లో పోయింది, ఒకావిడ కలరాతో పోయింది.

చివరికి పిన్నికి ఒక్క లైనే పంపాను. "పిన్నీ, అప్పట్లో మీరు చేత్తో ఏమేం చేసేవారు?" ఇండియాలో ఇంకా తెల్లారలేదు. లేవగానే పెద్ద దుమారమే. ఈయన రేపు చిన్నాడి గొడవ పడలేక అదే కొల్లెక్కియోలో పాస్తా మ్యూజియానికి తీసుకెళ్తానంటున్నారు. బయల్దేరేముందు ఫోను నా చేతికి ఇవ్వాలని చెప్పాను.